రెండు గడువులు

అమెరికా ప్రయాణ మనునది మన తెలుగు కుటుంబములలో కాశీయాత్రకంటె సామాన్యమైపోయినది. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పూర్వులు చెప్పుకొనెడివారు. సముద్రము దాటినవాడు ప్రాయశ్చిత్తము చేసికొననిదే పంక్తిభోజనమున కర్హుడు గాడని వాదించిన పండితుల మునిమనుమలు నేడు న్యూజెర్సీలోను, డల్లాసులోను ఇండ్లు కట్టుకొని యున్నారు. గుంటూరు, ఖమ్మము, ఏలూరు, కరీంనగరము, ఏ యూరి వీథికి పోయినను అమ్మాయి పురిటికి బయలుదేరుచున్న తల్లియో, అబ్బాయి దగ్గర కొన్నాళ్ళుండి వచ్చిన తండ్రియో కానవచ్చును. పొలిమేర దాటి యెరుగని వృద్ధురాండ్రు సయితము ఒంటరిగా విమానమెక్కి, నడుమ దోహాలోనో దుబాయిలోనో దిగి, దారి యడిగి తెలిసికొని, మరియొక విమాన మెక్కుచున్నారు. ఇందుకు మేము మిక్కిలి సంతసించువారమే.

అయితే ప్రయాణము సామాన్యమైనంతగా ప్రయాణమునకు సంబంధించిన జ్ఞానము సామాన్యము కాలేదు. ఈ ప్రయాణికులలో ఎవరినైనను "అక్కడ మీరెంతకాల ముండవచ్చును?" అని అడిగి చూడుడు. "మాకు పదేళ్ళ వీసా ఉందండీ" అని నిబ్బరముగా సమాధానము చెప్పుదురు. చదువుకొన్నవారును ఇట్లే చెప్పుదురు, చదువురానివారును ఇట్లే చెప్పుదురు. ఇది ప్రశ్నకు సమాధానము కాదు. మేము అడిగినది ఒక గడువును గూర్చి. వారు చెప్పినది వేరొక గడువును గూర్చి. ఈ రెండింటికిని గల భేదము తెలియక కొన్ని కుటుంబములు పడిన పాట్లు మేము దగ్గర నుండి చూచితిమి గావున ఈ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

వీసా యను మాట లాటిన్ భాషలోనిది. "చూడబడినది" అని దాని కర్థము. కాగితమును అధికారి యొకడు చూచినాడనుటకు వేసిన గురుతు అది. మొదటి మహాయుద్ధమునకు పూర్వము ఐరోపాలోని పెక్కు దేశములలో పాస్‌పోర్టు లేకయే జనులు తిరుగుచుండిరి. యుద్ధకాలమున కలిగిన అనుమానములు యుద్ధముతో పోలేదు. 1920లో పారిస్ నగరమున నానాజాతి సమితివారు సభ చేసి పాస్‌పోర్టుల రూపమును గూర్చి తీర్మానించిరి. అప్పటినుండి నేటివరకు ఈ గురుతుల చిక్కు పెరుగుటయే గాని తరుగుట లేదు. మాట పుట్టుకను ఇంతగా చెప్పుట కొక కారణము కలదు. చూచినా రనుట వేరు, లోనికి రానిచ్చినా రనుట వేరు.

హైదరాబాదులోని అమెరికా కాన్సలేటు 2008లో పైగా ప్యాలెసున ప్రారంభమై, 2023లో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనమునకు మారినది. అచ్చటి అధికారి మన కాగితములను చూచి, రెండు మూడు ప్రశ్నలు వేసి, సమ్మతించినచో బి-1, బి-2 అను తరగతి వీసాను పాస్‌పోర్టులో నంటించి పంపును. మన దేశస్థులకు సాధారణముగా ఇది పదేండ్ల కాలమునకు వచ్చును. ఇది రావలెనని గండిపేట చెరువు చేరువనున్న చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు మ్రొక్కుకొని, వచ్చిన పిదప నూటయెనిమిది చేయువారు వేలకొలది గలరు. ఆ స్వామికి వీసా దేవుడని పేరు కూడ వచ్చినది. భక్తుల నమ్మకముతో మాకు జగడము లేదు. హుండీ లేని గుడి గావున మా వంటి విమర్శకుల నోరును అచ్చట మూతపడును. కాని నూటయెనిమిది ప్రదక్షిణముల ఓపిక గలవారు ఆ వీసా కాగితమును ఒక్కసారి చదువు ఓపిక ఎందుకు చూపరో మాకు బోధపడదు.

చదివినచో అందులో ఏమున్నది? ఇచ్చిన తేదీ యొకటి, ముగియు తేదీ యొకటి, ఎన్ని పర్యాయములు రావచ్చునో తెలుపు అక్షర మొకటి. మనవారికి వచ్చు వీసాలపై ఆ చోట సామాన్యముగా "ఎం" అను అక్షరముండును. పెక్కు పర్యాయములు రావచ్చునని దాని భావము. ఇంతే. ఇన్ని నెలలు ఉండవచ్చునని అందెక్కడను లేదు. ఆ రెండు తేదీల నడుమ మీరు అమెరికా గుమ్మము వరకు పోయి తలుపు తట్టవచ్చునని మాత్రమే ఆ కాగితము చెప్పుచున్నది.

తలుపు తీయువాడు వేరొకడు. విమానము దిగినతోడనే ఆ దేశపు సరిహద్దు రక్షణశాఖ యధికారి యొకడు గాజుగదిలో కూర్చుండి ప్రశ్నించును. ఎందులకు వచ్చితిరి, ఎవరి యింట నుందురు, ఎన్నాళ్ళుందురు. సంతృప్తి పడినచో లోనికి విడిచిపెట్టుచు, ఫలానా తేదీవరకు ఉండవచ్చునని వ్రాసికొనును. ఆ వ్రాతకు ఐ-94 అని పేరు. మనము లెక్క పెట్టుకొనవలసిన గడువు ఇదియే. సాధారణముగా ఆరు నెలలు; అక్టోబరు 10వ తేదీన దిగినవారికి మరుసటి ఏప్రిల్ 9వ తేదీవరకు. నిబంధనల ప్రకారము తగిన కారణమున్నచో సంవత్సరమువరకును ఈయవచ్చును గాని అట్లిచ్చుట అరుదు. పాస్‌పోర్టు గడువు తొందరగా ముగియునట్లున్నచో ఆ తేదీకే కుదించుటయు కద్దు. మేము దిగిననాడు మూడునెల లుందుమని చెప్పితిమి. ఆయన ఆరునెలలకు వ్రాసెను. మా వెనుక వరుసలోనున్న దంపతులకు ఎన్నాళ్ళు వ్రాసినదియు వారికి తెలియలేదు, వా రడుగనులేదు.

తెలియకపోవుటకు కారణము లేకపోలేదు. పూర్వము ఐ-94 అనునది తెల్లని చీటీ. అధికారి దానిమీద తేదీ ముద్రవేసి పాస్‌పోర్టులో గుచ్చి యిచ్చెడివాడు. పాస్‌పోర్టు తెరచినప్పుడెల్ల ఆ చీటీ కన్నులబడుచుండెను. 2013లో విమానముల మీదను ఓడల మీదను వచ్చువారికి ఆ చీటీని తీసివేసి, లెక్కయంతయు కంప్యూటరులో నుంచిరి. పాస్‌పోర్టు మీద వేయు ముద్రయు క్రమముగా తగ్గిపోవుచున్నది. ఇప్పుడా తేదీ కావలెనన్నచో, ఆ శాఖవారి వెబ్‌సైటు తెరచి, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య ఇచ్చి తెలిసికొనవలెను. అనగా చేతిలో నుండు వీసా మీద పదేండ్ల తేదీ పెద్ద అక్షరములతో కనబడుచుండును; నిజముగా పాటింపవలసిన తేదీ కంటికి కనబడనిచోట దాగియుండును. కన్ను కనబడినదానినే నమ్మును గదా!

మన సత్రములను తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. సత్రము తలుపులు సంవత్సరము పొడుగునను తెరచియుండును. ఎప్పుడు వచ్చినను మేనేజరు గది యిచ్చును. కాని ఒక్కసారి వచ్చినవాడు మూడు దినములకు మించి యుండరాదని పెక్కు సత్రములలో నియమము. సంవత్సరమంతయు తలుపులు తెరచియున్నవి గావున సంవత్సరమంతయు గదిలో నుందుననువానిని మేనేజరు ఏమనును? సత్రమందు మనకు తెలిసినంత సులభముగా విమానాశ్రయమందు తెలియదు, అంతే భేదము.

ఈ భేదమే యింకొక విధముగను పనిచేయును. ఫిబ్రవరి 20న దిగినవారి వీసా మార్చి 3వ తేదీన ముగిసినదనుకొందము. ఐ-94లో ఆగస్టు 19 అని యున్నచో, వారు ఆగస్టు 19వరకు నిశ్చింతగా నుండవచ్చును. వీసా ముగిసినదని మార్చిలో హడావుడిగా ఎక్కువ ధర పోసి టిక్కెట్టు కొని తిరిగివచ్చిన వారిని మేమెరుగుదుము. అట్లే పాత పాస్‌పోర్టు గడువు తీరినను అందలి వీసా చెడదు. పాతదానిని, క్రొత్తదానిని రెండింటిని వెంట తీసికొనిపోవలెను. పాతదానిని పనికిరాదని అటకమీద పడవేయువారు జాగ్రత్తపడవలెను.

ఇప్పుడు మాకు వరుసకు అక్కగారగు ఒకామె సంగతి చెప్పవలసియున్నది. ఆమె ముప్పదిరెండేండ్లు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినది. భర్త గతించిన పిదప కుమార్తె పురిటికై నవంబరు నెలలో అమెరికాకు పోయినది. విమానాశ్రయమునుండి ఇంటికి రాగానే అల్లుడు, పోగొట్టుకొందురేమో యని, అత్తగారి పాస్‌పోర్టు పుచ్చుకొని తన గదిలోని సొరుగున భద్రపరచెను. అతడు మంచివాడే. ఇంజనీరు. తన ఉద్యోగపు వీసా తేదీలు, భార్య తేదీలు అతనికి కంఠస్థము. అత్తగారిది పదేండ్ల వీసాయని అతడు నిశ్చింతగా నుండెను. డిసెంబరులో మనుమరాలు పుట్టెను. మే నెలలో ఆమె తిరుగుప్రయాణము మాట యెత్తగా, జూనులో అన్నప్రాశనము చూచి పొమ్మని కుమార్తె బ్రతిమాలెను. అన్నప్రాశనము కాగానే పిల్లకు జ్వరము తగిలెను. ఆమె జూలై నడుమ తిరిగివచ్చెను. ఐ-94 ప్రకారము ఆమె అక్కడ ఉండదగిన గడువు మే నెలలోనే తీరినది. అప్పటి కెవ్వరును ఆ తేదీని తెరచి చూడలేదు.

వచ్చునప్పు డెవ్వరు నాపలేదు. ఆపనందువలన తప్పేమియు జరుగలేదని అందరును నమ్మిరి. రెండేండ్ల తరువాత రెండవ పురుడు వచ్చెను. ఈసారి ఆమె ఒంటరిగానే బయలుదేరెను; ఆవకాయ, కరివేపాకు పొడి, పసిపిల్లకు తాను కుట్టిన చొక్కాలు. దిగిన విమానాశ్రయమున అధికారి కంప్యూటరు చూచి, క్రిందటిసారి గడువు మీరియుంటిరి గనుక ఆ దినముతోనే మీ వీసా చెల్లకుండ పోయినదని చెప్పెను. ఒక గదిలో కొన్ని గంటలు కూర్చుండబెట్టి, ప్రశ్నలు వేసి, మరల విమాన మెక్కించి పంపిరి. గోడ కావల నిండు చూలాలగు కుమార్తె పూలగుత్తితో నిలిచియున్నది. ఒకరినొకరు చూచుకొనలేదు. నాలుగు దినములకు పురుడు వచ్చినది; తల్లి ఇక్కడ తెనాలిలో, టెలిఫోనులో బిడ్డ ముఖము చూచినది. పిదప హైదరాబాదులో క్రొత్తగా దరఖాస్తు పెట్టుకొని, జరిగినది జరిగినట్లు వ్రాసి, మరల వీసా వచ్చునప్పటికి ఆ పిల్ల నడక నేర్చినది.

ఆమెను మేము పలుకరింపబోయినప్పుడు కంటనీరు పెట్టుకొనలేదు. "ముప్పై రెండేళ్ళు హాజరుపట్టీలో ఒక్క తేదీ తప్పు పోనివ్వలేదు తమ్ముడూ. నా తేదీ మాత్రం నాకెవరూ చూపించలేదు" అనెను. ఈ మాట మమ్ము వెంబడించుచున్నది. ఇంగ్లీషు బోధించిన స్త్రీ చేతికి ఇంగ్లీషు కాగితము అందలేదు. స్త్రీలకు చదువు చెప్పించవలెనని మన పెద్దలు నూరేండ్లు పోరాడిరి. చదువు చెప్పించితిమి. చదువుకొన్న తల్లి పాస్‌పోర్టును మాత్రము కొడుకు బీరువాలోనో అల్లుని సొరుగులోనో నుంచితిమి. పాస్‌పోర్టు మీద ఆమె పేరున్నది, ఆమె బొమ్మ యున్నది, ఆమె సంతకమున్నది. గడువు దాటినచో శిక్ష ఆమెకు, అల్లునికి గాదు.

ఆ శిక్ష ఎట్టిదో వివరముగా తెలియుట మంచిది. గడువు ఒక్క దినము దాటినను అమెరికా చట్టము ప్రకారము ఆ వీసా చెల్లదు; తిరిగి పోగోరువారు స్వదేశమునకు వచ్చి క్రొత్త వీసా తెచ్చుకొనవలెను. 1996లో చేసిన చట్ట మింకను కఠినమైనది. అనుమతి లేకుండ నూట యెనుబది దినములకు మించి, సంవత్సరము లోపల నుండి వెడలినవారు మూడేండ్లు ఆ దేశమున అడుగు పెట్టరాదు. సంవత్సరము, అంతకు మించి యున్నవారికి పదేండ్ల నిషేధము. పదేండ్ల వీసాను నమ్ముకొని ఉండిపోయినవారు పదేండ్ల నిషేధమును తెచ్చుకొనుట! డెబ్బదియేండ్లవారికి పదేండ్ల నిషేధమనగా ఏమో వేరుగ చెప్పనక్కరలేదు.

గడువు చాలనివారికి మార్గము లేకపోలేదు. ఐ-539 అను దరఖాస్తును ఐ-94 తేదీకి ముందుగనే పంపుకొనవలెను. కనీసము నలుబదియైదు దినములు ముందుగా పంపుడని ఆ శాఖవారే చెప్పుచున్నారు. ఎందులకు ఉండవలసి వచ్చినది, ఖర్చు కెవరు బాధ్యులు, ఎప్పుడు తిరిగిపోదురు అనునవి చూపవలెను. 2020 మార్చిలో మహమ్మారి వలన మన ప్రభుత్వము అంతర్జాతీయ విమానములను నిలిపివేసినపుడు మా పెద్దన్నగారును వదినగారును న్యూజెర్సీలో చిక్కుకొనిరి. వారి గడువు ఏప్రిల్ నెలాఖరువరకు. వదినగారు ఏడవ తరగతితో బడి మానినది; కాని దిగిననాడే ఆ తేదీని అడిగి వ్రాయించుకొని, వంటింటి గోడకు తగిలించిన తెలుగు క్యాలెండరుమీద ఎఱ్ఱసిరాతో సున్న చుట్టియుంచినది. ఆ సున్న చూచియే ఏప్రిల్ మొదటివారమున దరఖాస్తు పెట్టించిరి. మే నెలలో ప్రత్యేక విమానములు ప్రారంభమైన పిదప వారి వంతు వచ్చి జూలైలో ఇల్లు చేరిరి. 2022లో మరల పోయివచ్చిరి. ఎవ్వరు నేమియు ననలేదు. ఒకటి మాత్రము గుర్తుంచుకొనవలెను. దరఖాస్తు పెట్టుకొనుటయే అనుమతి కాదు. నిరాకరించినచో ఒక్కదినమైన తాళక బయలుదేరవలెను.

నయాగరా చూడబోయి కెనడాలో కాలుపెట్టి తిరిగివచ్చినచో మరల ఆరునెలలు క్రొత్తగా ఎక్కునని చెప్పువారు కొందరు కలరు. ఇది నమ్మదగినది కాదు. అట్టి చిన్న ప్రయాణమునకు పాత ఐ-94 యే సాధారణముగా కొనసాగును. పైగా కెనడాకు మనవారికి వేరుగా వీసా కావలెను. ఏటికి రెండు పర్యాయములు, ఆరేసి నెలలు, నడుమ రెండువారములు మాత్రమే ఇంట నుండి పోవుచుండినచో వీసా చెల్లుబాటు మాట యెట్లున్నను, గుమ్మమునందలి యధికారికి, వీరు చుట్టపుచూపుగా వచ్చినవారా, కాపురమునకు వచ్చినవారా యను సందేహము కలుగును. సందేహము కలిగినచో కాలము తగ్గించుటకును, త్రిప్పి పంపుటకును అతనికి అధికారము కలదు.

ఇచ్చట ఒక మాట. మొదటి ఆరునెలలు అమ్మాయి తల్లి, తరువాతి ఆరునెలలు అబ్బాయి తల్లి, ఇట్లు వంతులు వేసికొని పసిపిల్లలను పెంచు ఏర్పాటు మనవారిలో నెలకొన్నది. ప్రేమతో పోవువారే యెక్కువ. కాని కారు నడుపరాక, పొరుగు భాష పలుకరాక, మంచుకాలమంతయు నాలుగు గోడల నడుమ వంటయు, బట్టలు మడచుటయు, పిల్లను నిదురపుచ్చుటయుగా గడపు తల్లులు కొందరు మాతో మనసు విప్పి మాటలాడిరి. "ఆరునెల్లని ఆ దేశపువాళ్ళు పెట్టారు గనుక బతికానమ్మా, పిల్లలు పెట్టగలరా?" అని ఒకామె మా యింటివారితో అని నవ్వెను. ఆ తేదీ ఆమెకు అడ్డు గాదు, ఆధారము. తన తేదీ తనకు తెలిసిన తల్లి, "ఫలానా దినమున నేను పోవలెను, టిక్కెట్టు తీయుడు" అని తలయెత్తి చెప్పగలదు. తెలియనిది, పంపినప్పుడు పోవును.

ఇదంతయు అమెరికావారి చిక్కు మాత్రమే యనుకొనరాదు. బ్రిటనువారు రెండేండ్లకు, ఐదేండ్లకు, పదేండ్లకు సందర్శక వీసా లిత్తురు. ఒక్కొక్కసారి ఉండదగినది సాధారణముగా ఆరునెలలే. మన ప్రభుత్వము సయితము విదేశీయులకు ఐదేండ్ల పర్యాటక వీసా నిచ్చి, ఒక్కొక్క పర్యాయము ఇన్ని దినములే యని హద్దు పెట్టుచున్నది. అక్కడ పుట్టి అక్కడి పౌరులైన మన మనుమలు తాతగారింటికి వచ్చునపుడు వారి కాగితములను కూడ ఇట్లే చదువవలెను.

ఐరోపావారి లెక్క మరింత చిత్రమైనది. 1985 జూన్ 14న లక్సెంబర్గు దేశమున మోసెల్ నదియొడ్డునున్న షెంగెన్ అను చిన్నయూరికడ ఐదు దేశములవారు తమ నడుమ సరిహద్దు తనిఖీలను క్రమముగా ఎత్తివేయుటకు ఒడంబడిక చేసికొనిరి. ఇప్పు డందులో ఇరువదితొమ్మిది దేశములు కలవు. ఒక్క వీసాతో అన్నిట తిరుగవచ్చును. ఆ వీసా కాగితముమీద, ఏ తేదీనుండి ఏ తేదీవరకు చెల్లునో యొకచోట, ఎన్ని దినములు ఉండవచ్చునో వేరొకచోట ముద్రించియుండును. మేము జర్మనీ పోయినప్పటి వీసామీద తేదీల నడుమ దూరము ముప్పదియైదు దినములు. ఉండదగినవి ఇరువది దినములు. ప్రయాణము రెండుమూడు దినములు ముందువెనుకలైనను ఇబ్బంది లేకుండుటకై పదునైదు దినములు కలిపి యిత్తురు, ఉండుటకు గాదు. మాతో వచ్చిన రాజమహేంద్రవరపు పెద్దమనిషి యొకరు చివరి తేదీని మాత్రమే చూచి, ఇంకొక వారము పారిస్ చూచి పోదమని హోటలు కుదుర్చుకొనబోయిరి. ఆయన భార్య కండ్లజోడు తీసి, పాస్‌పోర్టును దగ్గరగా పెట్టుకొని, "ఇక్కడ ఇరవై అని ఉందండీ, మనకిది పద్దెనిమిదో రోజు" అనెను. పెద్దమనిషి కొంతసేపు వాదించిరి. తరువాత హోటలు మానుకొనిరి.

పెక్కు పర్యాయములు పోవు వీసా యున్నవారికి తొంబది దినముల నియమము వర్తించును. ఏ దినమున నిలిచి వెనుకకు చూచినను, ఆ దినముతో కలిపి నూటయెనుబది దినములలో తొంబదికి మించి అక్కడ ఉండియుండరాదు. వచ్చిన దినము, పోయిన దినము రెండును లెక్కలోనివే. 2025 జనవరి 1 నుండి మార్చి 31 వరకు ఒకరు అక్కడ నుండిరనుకొందము. తొంబదియు నిండినవి. ఏప్రిల్ ఒకటవ తేదీన ఒక్క దినము బయటికి పోయివచ్చినచో లెక్క మరల మొదలగునని భ్రమపడరాదు. వారు మరల అడుగు పెట్టదగినది జూన్ 30న; అప్పటికి జనవరి ఒకటవ తేదీ లెక్కనుండి జారిపోవును. సంవత్సరమున రెండు అర్ధభాగములని గాక, దినముతోపాటు జరుగుచుండు కిటికీ అని దీనిని భావింపవలెను. 2025 అక్టోబరు 12 నుండి వారు వ్రేలిముద్రలు, ముఖచిత్రము తీసికొని రాకపోకలను కంప్యూటరులో నమోదు చేయు పద్ధతిని క్రమముగా ప్రవేశపెట్టిరి. ముద్రలు లెక్కించు అధికారి యొకప్పుడు పొరపడవచ్చును. యంత్రము తీసివేతలలో పొరపడదు.

కావున ప్రయాణమునకు సిద్ధపడువారితో మేము చెప్పునది స్వల్పము. పాస్‌పోర్టు మీ చేతిసంచిలో నుండనిండు. అల్లుడు భద్రపరచెద నన్నచో నవ్వి వద్దనుడు; కోపగించుకొనడు. గుమ్మముకడ అధికారి లోనికి విడుచునపుడు "ఎంతవరకు?" అని అడుగుట అమర్యాద కాదు. ఇల్లు చేరిన మరునాడే ఐ-94 తెరపించి, అచ్చు తీయించి, మీ కన్నులతో చదివికొనుడు. పేరులో గాని తేదీలో గాని పొరపాటున్నచో అప్పుడే దిద్దించుకొనవలెను. ఆ దేశస్థులు నెలను ముందు, దినమును వెనుక వ్రాయుదురు. 05/04 అనగా వారికి మే 4, మనకు ఏప్రిల్ 5. నెల పేరును అక్షరములలో వ్రాసికొనుట మేలు. తిరుగు టిక్కెట్టు ఆ తేదీనాటికే పెట్టుకొనక, వారము పదిదినములు ముందుకు పెట్టుకొనుడు. మంచుతుఫాను వచ్చి విమాన మాగినచో తేదీ ఆగదు.

వచ్చునప్పటి సంగతి యొకటి మిగిలియున్నది. మన విమానాశ్రయములలో దేశము విడుచువారి పాస్‌పోర్టుమీద అధికారి ముద్ర వేయును. అమెరికాలో అట్టి బల్ల లేదు. విమానసంస్థవారు పంపు ప్రయాణికుల పట్టికను బట్టియే మీరు వెళ్ళిపోయినట్లు అచ్చట లెక్క వ్రాసికొందురు. ఆ లెక్కలో ఎప్పుడైన మీ పేరు జారినచో, సకాలమున వెడలితిమని చూపుటకు మీ చేతనుండునది బోర్డింగు పాసు. హైదరాబాదులో దిగినపిమ్మట దానిని చింపి పారవేయక, ఇచ్చట వేసిన రాకముద్రగల పుటలో మడచి, పాస్‌పోర్టుతో కలిపి యుంచవలెను. మా వదినగారు దానిని పింఛను కాగితముల ప్రక్కన, అదే రేకుపెట్టెలో పెట్టుచున్నది. తాళపుచెవి ఆమె కొంగుననే యున్నది.